సంచి సర్దినదెవరు?

చిత్తూరు నుండి వచ్చు రహదారి పూతలపట్టు వద్ద రెండుగా చీలును. ఒక పాయ తిరుపతికి పోవును. మరియొకటి పీలేరు, కడపల మీదుగా కర్నూలు చేరును. మామిడితోపులు, చెరకు తోటలు, వేరుసెనగ చేలు గల ఈ ప్రాంతమున ఆ కూడలి అందరికిని ఎరుకైన చోటు. వెనుకటి దినములలో ఇచట బస్సెక్కువారి చంకలో ఒక గుడ్డసంచియు, చేతిలో ఒక సద్దిమూటయు ఉండెడివి. సంచిలో ఏమున్నదో కండక్టరు అడుగడు. అడుగవలసిన పనియు లేదు. బస్సు కదలు వేళ సైతము కిటికీలో నుండి ఒక పొట్లమును లోపలికి అందించి, "ఇది మా అబ్బోడికి ఇయ్యి" అని కేక వేయువారు ఉండెడివారు. ఆ పొట్లము చేరవలసిన చోటికి చేరుచుండెను. పల్లె ప్రయాణ మట్టిది. పోవువాడొక్కడు, సంచి సర్దువారు పదిమంది.

నేడు ఆ ఇండ్లవారే కారులలో చెన్నపట్టణమునకో బెంగుళూరునకో పోయి విమానమెక్కుచున్నారు. బిడ్డలు దేశాంతరములలో ఉద్యోగములు చేయుచుండగా తల్లిదండ్రులకు ఈ ప్రయాణము తప్పనిదైనది. గుడ్డసంచికి మారుగా చక్రముల పెట్టెలు వచ్చినవి. సర్దు పద్ధతి మాత్రము బస్సు నాటిదే.

మామిడికాయలు కోతకు వచ్చిన జ్యేష్ఠమాసమున ఆ ఊరి గృహిణి ఒకతె అమెరికాకు ప్రయాణమయ్యెను. టెక్సాసు రాష్ట్రమున నున్న కూతురికి తొలి కాన్పు. కోతకాలమున తోపును, ఆవులను విడిచి భర్త కదలలేడు. కావున ఏబదియెనిమిదేండ్ల ఆ ఇల్లాలు ఒంటరిగానే పోవలెను. ఆమె అంతకుముందు విమానమును ఆకాశమున తప్ప చూచి యెరుగదు. పైగా మధుమేహము, దినమునకు రెండుమారులు ఇన్సులిన్ పొడుచుకొనవలెను.

ప్రయాణమునకు రెండు దినములు ముందు ఆమె ఇంటి నడవలో దుప్పటి పరచిరి. వీధిలోని ఆడువారందరును చేరిరి. ఒకరు పప్పులపొడి తెచ్చిరి. ఒకరు వేరుసెనగ ఉండలు తెచ్చిరి. వేరొకరు మామిడితాండ్ర పలకగా కోసి తెచ్చిరి. ఊరగాయ జాడీ సరేసరి. ఎవరు తెచ్చినది వారే, ఎక్కడ సందు కనబడిన అక్కడ కుక్కిరి. సాయంకాలమునకు రెండు పెద్ద పెట్టెలును, విమానములో తనతో ఉంచుకొనవలసిన చిన్న చేతిసంచియు నిండినవి. బెల్లము తూచు కాటాకు తగిలించి చూడగా ఆ చేతిసంచి పదకొండు కిలోలు తూగెను. మన దేశపు విమాన సంస్థలు సాధారణ తరగతి వారికి చేతిసంచి విషయమున ఏడు కిలోలే అనుమతించుట వాడుక.

ఆ రాత్రి ఆ వీధి యువకుడొకడు చూడవచ్చెను. అతడు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమున ఉద్యోగి. ఒక విమానాశ్రయమున ప్రయాణికులను సోదా చేయువాడు. సెలవు మీద ఊరికి వచ్చి యుండెను. వరుసకు ఆమె అతనికి అత్త. అతడు చేతిసంచిని చూచి, ఏమియు చెప్పక, దాని నోరు విప్పి అంతయు దుప్పటి మీద బోర్లించెను.

"ఏమప్పా, ఇంత కష్టపడి కట్టిందంతా ఇప్పేస్తా ఉండావే!"

"అత్తా, ఈ డబ్బా ఎవురు పెట్టినారు?"

"ఏమో, మా తోడికోడలు పెట్టింటుంది."

"ఇందులో ఏముంది?"

ఆమె చెప్పలేకపోయెను. అతడు మరియొక పొట్లమును చూపెను. దానిని గురించియు చెప్పలేకపోయెను. ఇరువది వస్తువులలో ఏడింటి సంగతి ఆమె యెరుగదు.

"అక్కడ నిన్ను ఒక మాట అడుగుతారు అత్తా. ఈ సంచి నువ్వే సర్దుకున్నావా, ఎవురైనా ఏమైనా ఇచ్చినారా అని. నువ్వు ఏం చెప్తావు?"

ఈ ప్రశ్న మర్యాదకు అడుగునది కాదు. 1986 ఏప్రిల్ 17వ తేదీన లండను నగరపు హీత్రో విమానాశ్రయమున ఇజ్రాయేలు దేశపు విమానమెక్కుటకు ఒక ఐరిష్ యువతి వచ్చెను. ఆమె గర్భవతి. చేతిలో ఒక సంచి యుండెను. విమానాశ్రయపు ఎక్స్-రే యంత్రము దానిని పట్టలేదు. పిమ్మట విమాన సంస్థ ఉద్యోగులు ఆమెను ప్రశ్నించి, అనుమానము కలిగి, సంచిని వెదకగా అడుగున దొంగ అర యొకటి బయటపడెను. అందు ప్రేలుడు పదార్థము దాచబడి యుండెను. ఆ సంచిని ఆమెకు ఇచ్చినవాడు ఆమెను పెండ్లాడుదునని నమ్మించినవాడే. ఆ అమాయకురాలికి ఏమియు తెలియదు. మూడువందలకు పైబడిన ప్రాణములు, కడుపులోని శిశువుతో కూడ, ఆ కొలది ప్రశ్నల వలన నిలిచినవి.

అంతకు ముందటి సంవత్సరమే, 1985 జూన్ 23న, ఎయిరిండియా వారి 'కనిష్క' విమానము ఐర్లాండు తీరమునకు చేరువలో అట్లాంటిక్ సముద్రముపై ప్రేలిపోయి 329 మంది మరణించిరి. బాంబు గల పెట్టె విమానమెక్కెను. దానిని అప్పగించినవాడు ఎక్కలేదు. యజమాని లేని పెట్టె విమానమున పోరాదను నియమము ఇట్టి శవరాసుల పైనుండి పుట్టినదే. 1999 డిసెంబరు 24న కాఠ్మండు నుండి ఢిల్లీకి రావలసిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానమును దుండగులు కాందహారునకు తరలించిన పిమ్మటనే, 2000వ సంవత్సరము నుండి, మన విమానాశ్రయముల కాపుదల ఒక్కటొక్కటిగా ఆ యువకుని దళము చేతికి వచ్చెను. సోదా వరుసలో నిలిచి విసుగుకొనువారు ఈ తేదీలను ఒక్కమారు తలచుకొనిన వరుస కొంత చిన్నదిగా తోచును.

"అట్లయితే అంతా మళ్ళీ నేనే సర్దుకుంటా. నువ్వు చెప్పు చాలు" అనెను ఆమె. దుప్పటి మీది వస్తువులను ఒక్కొక్కటిగా చేతికి తీసికొనసాగెను.

మొదట అతడు చేతిసంచిలో ఏవి తప్పక ఉండవలెనో చెప్పెను. పాస్‌పోర్టు, వీసా కాగితములు, టిక్కెట్టు, కూతురి చిరునామా, ఫోను నంబరు వ్రాసిన కాగితము, కొంచెము డబ్బు, నగలు. తరువాత మందులు. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో వేయరాదు. ఆ పెట్టెలుండు చోట చలికి అది గడ్డకట్టి చెడవచ్చును. పెట్టె దారి తప్పిన రెండు మూడు దినములు మందే ఉండదు. దానిని, సూదులను, డాక్టరు వ్రాసిన చీటీతో కూడ ఒకే చిన్న సంచిలో ఉంచి పైననే పెట్టవలెను. అధికారి అడిగిన వెంటనే చూపవచ్చును. ఫోనుకు విద్యుత్తు నందించు పవర్ బ్యాంకు సైతము చేతిసంచిలోనే ఉండవలెను. పెద్ద పెట్టెలో అది నిషిద్ధము. లిథియమ్ బ్యాటరీ ఒక్కొక్కప్పుడు తనంత తాను వేడెక్కి మండును. మనుష్యుల నడుమ మండిన ఆర్పవచ్చును. సామానుల అరలో మండిన ఎవరు చూతురు? నూరు వాట్-అవర్ల లోపలి దానికి సాధారణముగా ప్రత్యేకానుమతి అక్కరలేదు. ఇంటి కొడుకు కొనిపెట్టినది 20,000 మిల్లీ ఆంపియర్-అవర్లది. లెక్క వేయగా డెబ్బది నాలుగు వాట్-అవర్లు తేలెను.

పిమ్మట మామిడితాండ్ర వంతు వచ్చెను. చిక్కు ఇందేమున్నదని ఆమెకు ఆశ్చర్యము. సోదా చేయువాడు సంచిని తన కంటితో చూడడు, యంత్రపు కంటితో చూచును. ఎక్స్-కిరణములను రాంట్‌జెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1895లో కనుగొనెను. విమానాశ్రయపు యంత్రము రెండు వేర్వేరు శక్తులు గల కిరణములను సంచి గుండ పంపి, ఏ వస్తువు ఏ జాతిదో అంచనా కట్టి, తెరపై రంగు పులుమును. లోహములు నీలముగను, గుడ్డలు, కాగితములు, తినుబండారములు నారింజరంగుగను, నడిమి రకమువి ఆకుపచ్చగను కనబడును. ప్రేలుడు పదార్థములలో పెక్కింటి రంగును నారింజయే! కావున నాలుగంగుళముల మందమున బిగించి కట్టిన తాండ్ర పలకను, దాని ప్రక్కనే చుట్టలు చుట్టుకొనియున్న ఫోను తీగను చూచినపుడు, తెర ముందు కూర్చున్నవానికి అది పూతలపట్టు మామిడి అని తెలియు మార్గము లేదు. అతడు సంచిని ప్రక్కకు త్రోయును. విప్పి చూచును. వెనుక నున్న నలుబదిమంది నిలిచిపోవుదురు.

"పరుపు మాదిరి పలచగా పరిచి సర్దాల అత్తా, మూట మాదిరి కాదు" అని అతడు చెప్పెను. తీగలను విడిగా ఒక సంచిలో చుట్టి పెట్టవలెను. ల్యాప్‌టాప్ వంటివి ఉన్నచో వేరుగా ట్రేలో పెట్టుమందురు గావున అవి అన్నింటికన్న పైన ఉండవలెను. తాండ్ర పెద్ద పెట్టెలోనికి పోయెను. పప్పులపొడియు దాని వెంటనే పోయెను. అమెరికాకు పోవు విమానములలో 2018 నుండి 350 మిల్లీలీటర్లకు మించిన పొడులు చేతిసంచిలో ఉన్నచో విడిగా పరీక్షింతురు. పరీక్షలో తేలనిచో వదలుకొనవలెను. కారపుపొడి సంగతి చెప్పనక్కరలేదు. కంట చల్లదగిన దానిని ఎవరు లోపలికి రానిత్తురు?

తోపులోని బంగినపల్లి పండ్లు రెండు చేతిసంచి అడుగున దొరికినవి. అవి ఆమె భర్త రహస్యముగా పెట్టినవి. బిడ్డ వేవిళ్ళ నాడు అడిగెనట. అమెరికా ప్రభుత్వము ఇతర దేశముల పురుగులకు జడిసి పచ్చి పండ్లను ప్రయాణికులు తెచ్చుటకు ఒప్పుకొనదు. మన మామిడికి ఆ దేశపు తలుపు 1989 నుండి మూయబడి, 2007లో మరల తెరువబడినది; అదియు కిరణములతో శుద్ధిచేసి వర్తకముగా పంపిన పండ్లకే. భర్త మాటాడక పండ్లను తీసికొని వంటయింటిలోనికి పోయెను.

అన్నింటికన్న పెద్ద తగవు కాయము దగ్గర వచ్చెను. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, బెల్లపు పాకమున చేర్చి, బాలింతకు పెట్టు మందది. ఆమె రెండు దినములు పొయ్యి ముందు నిలిచి చేసెను. ఆమె కాన్పులకు ఆమె తల్లి చేసిన పాళ్ళే. ఈ ప్రయాణమంతయు ఒక విధముగా ఆ సీసా కొరకే. దానిని కంటికి దూరముగా పెద్ద పెట్టెలో వేయుటకు ఆమె మనస్సు ఒప్పుకొనలేదు. క్రిందటి యేడు పొరుగూరి వారి పెట్టె యొకటి నడుమ దేశమున నిలిచిపోయి పది దినములకు చేరెనని విని యుండెను.

కాని సీసా అరకిలోది. అంతర్జాతీయ విమానములలో నీరు, నూనె, తేనె, లేహ్యము, పేస్టు మొదలగు జారునవి, మెత్తనివి నూరు మిల్లీలీటర్లకు మించని పాత్రలలోనే చేతిసంచిలో ఉండవలెను. ఆ పాత్రలన్నియు ఒక లీటరు పట్టు, మూత బిగియు, తేటయైన ఒక్క ప్లాస్టిక్ సంచిలో ఇమడవలెను. 2006 ఆగస్టున, శీతల పానీయముల సీసాలలో ద్రవరూపమున ప్రేలుడు పదార్థములను విమానములలోనికి తెచ్చు కుట్ర యొకటి లండనులో పట్టుబడెను. నాటి నుండి ప్రపంచమున ఈ కొలత వచ్చెను. ఇందు పలువురు మోసపోవు మెలిక యొకటి కలదు. లెక్కకు వచ్చునది పాత్ర పట్టు పరిమాణమే గాని అందున్న పదార్థము కాదు. రెండువందల మిల్లీలీటర్ల సీసాలో రెండు చెంచాలే ఉన్నను అది పనికిరాదు.

"ఇదీ మందే కదప్పా. ఇన్సులిన్‌కు లేని అడ్డం దీనికెందుకు?"

యువకుడు వెంటనే బదులు చెప్పలేకపోయెను. అతని తల్లియు ఇట్టి కాయము తినియే అతనిని పెంచియుండును. "ఇన్సులిన్‌కు డాక్టరు చీటీ ఉంది అత్తా. దీనికి చీటీ రాసిచ్చేది ఎవురు?" అని మెల్లగా అనెను. మరునాడు చిత్తూరునకు పోయి, ఎనుబది మిల్లీలీటర్ల చిన్న సీసా యొకటి కొని తెచ్చెను. కాయమున కొంత ఆ సీసాలోనికి ఎత్తి, తేటసంచిలో పెట్టి, చేతిసంచి పైఅరలో నుంచిరి. మిగిలినదానిని బిగుతు మూత గల స్టీలు డబ్బాలో పోసి, రెండు ప్లాస్టిక్ సంచులు తొడిగి, చీరల నడుమ పెద్ద పెట్టెలో దాచిరి. ఒకటి తప్పిపోయినను రెండవది మిగులును. చిన్న సీసా పది దినములకు చాలును; ఆలోపల పెట్టె దొరుకవచ్చును. దిగిన చోట తినుబండారములు ఉన్నవని దాపరికము లేక చెప్పవలెనని కూడ అతడు హెచ్చరించెను.

ఇక మిగిలినది ఎదురింటి పొట్లము. ఎదురింటి ఆమె కొడుకును టెక్సాసులోనే ఉన్నాడు. అతనికి క్రొత్తగా బిడ్డ పుట్టెను. ఆ పొట్లము గుడ్డలో చుట్టి, దారముతో కుట్టబడి యుండెను. దానిని విప్పి చూడవలెనని చెప్పుట యెట్లు? ముప్పదియేండ్ల ఇరుగుపొరుగు. ఒకరింటి నిప్పు మరియొకరు తెచ్చుకొనిన స్నేహము. యువకుడు తాను చెప్పుదునన్నను ఆమె ఒప్పుకొనక, పొట్లమును చేత పట్టుకొని తానే వీధి దాటెను.

"వదినా, దీన్ని ఒకసారి ఇప్పి చూపించు."

"ఏం వదినా, నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదు. నేనే సర్దుకున్నానని అక్కడ చెప్పాల. చూడకుండా ఎట్లా చెప్పేది? అబద్ధం చెప్పి బిడ్డ కాన్పుకు పోయేదా?"

ఎదురింటి ఆమె ముఖము చిన్నబోయెను. కొంతసేపు ఏమియు పలుకక, కత్తెర తెచ్చి కుట్లు తానే తెంచెను. లోపల చిన్న వెండి మొలత్రాడు, కాణిపాకము వినాయకుని గుడి కుంకుమ ఉండెను. వాని క్రింద ఆరు ఎండుకొబ్బరి చిప్పలు! "ఇవి నేను పెట్టలేదే!" అని ఆమెయే నివ్వెరపోయెను. కుట్టునపుడు కోడలు చేర్చినదట. మనుమరాలికి కొబ్బరిలౌజు చేసికొందురని.

ఎండుకొబ్బరి విమానమున చేతిసంచిలోను పనికిరాదు, పెద్ద పెట్టెలోను పనికిరాదు. అందలి నూనె వలన అది తనంత తాను వేడెక్కి అంటుకొనగల వస్తువులలో లెక్కింపబడినది. కొబ్బరికాయను సైతము చేతిసంచిలో రానీయరు. శబరిమల యాత్రికుల ఇరుముడిలో కొబ్బరికాయ తప్పనిది గావున, 2024 అక్టోబరున కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు వారికి మాత్రము 2025 జనవరి 20 వరకు ప్రత్యేకముగా సడలింపు ప్రకటించెను. అదియు సోదా పిమ్మటనే. కాన్పుకు పోవువారికి అట్టి సడలింపు లేదు. చిప్పలు ఎదురింటి వంటగదికి తిరిగిపోయెను. మొలత్రాడును, కుంకుమను ఆమె తన చేతులతో చేతిసంచిలో పెట్టుకొనెను. అప్పుడు ఎదురింటి ఆమె కొంచెము నవ్వెను.

మరల కాటాకు తగిలింపగా చేతిసంచి ఆరున్నర కిలోలు తూగెను.

చెన్నపట్టణపు విమానాశ్రయమున సోదా వద్ద ఆమెకు ఒక్క భయమే మిగిలియుండెను: తాళిబొట్టు తీయుమందురేమో యని. అట్లు జరుగలేదు. లోహమును పట్టు చేతికర్ర కూయగా, తెర చాటున మహిళా ఉద్యోగిని ఒకతె మెడను, గాజులను, మెట్టెలను తడవి చూచి పంపివేసెను. కాళ్ళ చెప్పుల జోలికి ఎవరును పోలేదు. ఒకడు బూటులో ప్రేలుడు పదార్థము దాచి 2001 డిసెంబరున పట్టుబడిన కారణమున, అమెరికాలో 2006 నుండి అందరి చేత బూట్లు విప్పించుచుండిరి. 2025 జూలైలో ఆ పద్ధతిని మానిరి. ఆమె సంచి యంత్రము గుండ పోయి ఆవలి ప్రక్కకు వచ్చినది. ఇన్సులిన్ సంచిని, కాయపు సీసాను ఉద్యోగి పైకి తీసి చూచి, చీటీ చదివి, మరల ఇచ్చెను. రెండు నిమిషములైన పట్టలేదు.

ప్రశ్న అంతకు ముందే, పెద్ద పెట్టెలు అప్పగించు బల్ల దగ్గర వచ్చి యుండెను. బల్ల వెనుక నున్న యువతి తమిళమున అడిగెను. చిత్తూరు సీమ వారికి తమిళము పరాయి భాష కాదు. "ఈ సంచులు మీరే సర్దుకొంటిరా? ఎవరైన ఏమైన ఇచ్చిరా?"

"నేనే సర్దుకుంటి తల్లీ. ఎదురింటి వదిన ఒక మొలత్రాడు, కుంకుమ ఇచ్చింది, కుట్లు ఇప్పి చూసినా" అని చెప్పి, ఆమె వ్రేళ్ళు మడచుచు ఒక్కొక్క వస్తువును లెక్కింప మొదలిడెను. నాలుగవ వస్తువు వద్దనే ఆ యువతి నవ్వుచు చాలునని తలయూపినది. వెనుక వరుస పెరుగుచుండెను. అయినను, ఇంటివద్ద విడిచి వచ్చిన ఆరు కొబ్బరిచిప్పల సంగతి కూడ చెప్పి గాని ఆమె ఊరకుండలేదు.